స్టాంపు ఒరిజినల్ ఆర్ట్‌వర్క్ కొనే ముందు కాగితం వెనక్కి తిప్పి చూడండి

మీ ప్రశ్నను ముందు క్లుప్తంగా చెప్పుకుందాం. మీరు హనుమకొండలో ఉంటారు, స్కూలు రోజుల నుంచి స్టాంపులు సేకరిస్తున్నారు. ఇప్పుడు స్టాంపుల కోసం ఆర్టిస్టులు వేసిన అసలు బొమ్మలు, పెన్సిల్ స్కెచ్‌ల మీదికి మనసు మళ్లింది. ఆన్‌లైన్‌లో ఒకతను 1970ల నాటి భారత స్టాంపు ఒరిజినల్ ఆర్ట్‌వర్క్ అంటూ, ఫ్రేము కట్టి, సర్టిఫికెట్ జత చేసి 28 వేలకు ఇస్తానంటున్నాడు. కొనొచ్చా, లేకపోతే ఈ సేకరణ మన వైపు నుంచి ఎలా మొదలుపెట్టాలి అన్నది మీ సందేహం.

ఇప్పుడే డబ్బు పంపకండి. ఆ బొమ్మ స్టాంపుతో అచ్చు గుద్దినట్టు కలుస్తోందని మీరే రాశారు. మీకు నమ్మకం కలిగించింది ఆ పోలికే. నాకు అనుమానం వచ్చింది కూడా దాని వల్లే.

ఎందుకో తెలియాలంటే స్టాంపు ఎలా తయారయ్యేదో చూడాలి. మన దేశంలో ఒక వ్యక్తి మీదో కట్టడం మీదో స్టాంపు రావాలంటే ముందు ప్రతిపాదన తపాలా శాఖకు వెళ్లాలి. ఏ స్టాంపులు తేవాలో సలహా ఇచ్చే ఫిలాటెలిక్ అడ్వైజరీ కమిటీ దాన్ని పరిశీలించాలి. ఒప్పుకుంటే డిజైన్ పని ఆర్టిస్టు చేతికి వస్తుంది. అతను మొదట అగ్గిపెట్టెంత సైజులో నాలుగైదు రఫ్‌లు గీస్తాడు. మనిషి ముఖం ఎడమ వైపు ఉండాలా కుడి వైపా, పేరు కిందా పైనా, విలువ అంకె ఏ మూల అనేవి ఆ దశలోనే తేలతాయి. నచ్చిన రఫ్‌ను పెద్దది చేసి రంగులు వేస్తాడు. స్టాంపు కన్నా నాలుగింతలో ఆరింతలో పెద్ద బొమ్మ వేయడం మామూలు పద్ధతి. అక్షరాలను చాలాసార్లు బొమ్మ మీద కాకుండా, పైన కప్పే పారదర్శకమైన షీటు (ఓవర్‌లే) మీద విడిగా అతికించేవారు. ఆ బొమ్మను ఫొటో తీసి స్టాంపు సైజుకు తగ్గించి చూస్తే అప్పుడు అసలు సంగతి బయటపడుతుంది. పెద్ద కాగితం మీద ముచ్చటగా ఉన్న చెట్టు ఆకులు చిన్న సైజులో మచ్చలా మారతాయి. కళ్లజోడు ఫ్రేము మాయమవుతుంది. దాంతో మళ్లీ దిద్దుబాట్లు. పైనుంచి ఎవరో విలువ మార్చమంటారు, తేదీ తప్పంటారు, హిందీ అక్షరాలు పెద్దవి చేయమంటారు. ఇవన్నీ దాటాకే బొమ్మ ప్రెస్సుకు చేరుతుంది.

అందుకే నిజమైన తొలి స్కెచ్ ఏదైనా తుది స్టాంపుతో ఎక్కడో ఒకచోట తేడా పడుతుంది. పూర్తయిన ఆర్ట్‌వర్క్‌లో కూడా అక్షరాల అమరికో, రంగు చిక్కదనమో, అంచుల దగ్గర మిగిలిన పెన్సిల్ గీతలో తేడా చూపిస్తాయి. ఈ రంగంలో మనం డబ్బు పెట్టేది ఆ తేడాకే. స్టాంపు చూపించనిది ఈ కాగితం ఏం చూపిస్తోంది అని ప్రతిసారీ అడగండి. దానికి జవాబు లేకపోతే, బొమ్మ ఎంత అందంగా ఉన్నా అది గోడకు తగిలించుకునే చిత్రమే.

మొట్టమొదటి స్టాంపు కథలోనూ ఇదే కనిపిస్తుంది. పెన్నీ బ్లాక్ రాకముందు 1839లో బ్రిటిష్ ట్రెజరీ పోటీ పెడితే 2,600కు పైగా ఎంట్రీలు వచ్చాయి. వాటిలో దేన్నీ యథాతథంగా వాడలేదు. విలియం వయాన్ చెక్కిన 1837 నాటి పతకం మీది విక్టోరియా రాణి ముఖాన్ని హెన్రీ కోర్బోల్డ్ బొమ్మగా గీశాడు. దాన్ని చార్లెస్ హీత్, ఫ్రెడరిక్ హీత్ ఉక్కు ఫలకం మీద చెక్కారు. పతకం, డ్రాయింగ్, చెక్కడం అని మూడు చేతులు మారిన ముఖం అది. స్టాంపుల ఆలోచనను ముందుకు తెచ్చిన రోలండ్ హిల్ వేసిన నీటిరంగుల రఫ్‌లు ఇప్పటికీ బ్రిటన్ రాజకుటుంబ స్టాంపుల సేకరణలో ఉన్నాయి. చూడటానికి అవి సాదాసీదా గీతలే. అమెరికా అధ్యక్షుడు ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ స్వయంగా స్టాంపుల సేకర్త. 1930లలో కొన్ని స్టాంపులకు తానే పెన్సిల్‌తో రఫ్‌లు గీసి తపాలా శాఖకు ఇచ్చేవాడు. ఆయన గీత చూస్తే ఏ డ్రాయింగ్ మాస్టారూ పాస్ మార్కులు వేయడు. అయినా వాటికి విలువ ఉంది, ఎందుకంటే ఆలోచన ఎక్కడ మొదలైందో వాటిలో కనిపిస్తుంది.

కొత్తగా వచ్చినవాళ్లు పడే తికమక ఇంకొకటి ఉంది. డై ప్రూఫ్, కలర్ ట్రయల్, ఎస్సే, ఆర్ట్‌వర్క్ అన్నిటినీ అమ్మేవాళ్లు ఒకే గాటన కట్టేస్తారు. డై ప్రూఫ్ చేత్తో వేసింది కాదు. చెక్కిన ఫలకం సరిగ్గా వచ్చిందో లేదో చూసుకోవడానికి తీసిన ముద్ర అది. కలర్ ట్రయల్ అంటే అదే ముద్రను వేర్వేరు రంగుల్లో తీసి చూడటం. ఎస్సే అంటే ప్రతిపాదించి చివరికి వాడని డిజైన్. అది చేత్తో వేసింది కావచ్చు, అచ్చు వేసింది కూడా కావచ్చు. బ్రొమైడ్ అంటే ఆర్ట్‌వర్క్‌ను ఫొటో తీసి స్టాంపు సైజుకు తగ్గించిన ప్రింటు, దాన్ని అధికారులకు చూపించడానికి వాడేవారు. నా లెక్కలో బ్రొమైడ్‌లను జనం ఊరికే చిన్నచూపు చూస్తారు. ఆర్ట్‌వర్క్ కన్నా చాలా తక్కువకు దొరుకుతాయి. పైగా ఆ దశలో డిజైన్ ఎలా ఉందో కచ్చితంగా చెబుతాయి.

ముద్రణ పద్ధతిని బట్టి కూడా ఆర్ట్‌వర్క్ స్వభావం మారుతుంది. 1948 ఆగస్టు 15న వచ్చిన గాంధీ స్టాంపులు స్విట్జర్లాండ్‌లోని కూర్వాజియే సంస్థలో ఫొటోగ్రావ్యూర్‌లో అచ్చయ్యాయి. ఆ పద్ధతిలో ఇచ్చిన బొమ్మను ఫొటో తీసి ఫలకం మీదికి ఎక్కిస్తారు కాబట్టి బొమ్మకూ స్టాంపుకూ దగ్గరి పోలిక ఉంటుంది. చెక్కుడు స్టాంపుల్లో అలా కుదరదు. డిజైనర్ గీసిన ముఖాన్ని చెక్కేవాడు తన గీతల భాషలోకి మార్చుకోవాలి. పోలండ్‌లో పుట్టి స్వీడన్‌లో స్థిరపడిన చెస్వావ్ స్వానియా వెయ్యికి పైగా స్టాంపులు చెక్కాడు. అలాంటివాళ్ల పనిని డిజైనర్ స్కెచ్ పక్కన పెట్టి చూస్తే ఎవరి గొప్పతనం ఎంతో అర్థమవుతుంది.

ఇక మన వరంగల్ సంగతి. కాకతీయుల మీద సేకరణ చేయాలని ఉందన్నారు. నిజాం ప్రభుత్వం 1947లో తెచ్చిన మూడణాల స్టాంపు మీద వరంగల్ కోట తోరణం ఉంది. మీ దగ్గర లేకపోతే ముందు అది సంపాదించండి. దాని అసలు డ్రాయింగ్ మీకో నాకో దొరుకుతుందని ఆశ పెట్టుకోవద్దు. కానీ ఆ స్టాంపు డిజైన్ గురించి చాలా నేర్పుతుంది. ఖిలా వరంగల్‌లో నాలుగు తోరణాలు, మధ్యలో ఆలయ శిథిలాలు, చుట్టూ మట్టికోట, రాతికోట ఉన్నా స్టాంపు ఎంచుకున్నది తోరణాన్నే. మన దేశంలో స్మారక స్టాంపుల మామూలు సైజు సుమారు 39 × 29 మిల్లీమీటర్లు. అంత చోటులో వేయిస్తంభాల గుడిని స్తంభాలన్నిటితో సహా గీయబోతే పొడుగు గీతల గజిబిజి మిగులుతుంది. తోరణానికైతే రెండు నిలువులు, ఒక అడ్డం చాలు, వరంగల్ వాళ్లే కాదు ఎవరైనా గుర్తుపడతారు. రామప్పను స్టాంపు సైజులో గీయమని మీ ఇంట్లో పిల్లలకు చెప్పి చూడండి. ఏది వదిలేయాలి అన్నదే డిజైన్ అని అరగంటలో తెలుస్తుంది.

మార్కెట్‌లోకి సరుకు ఎక్కడి నుంచి వస్తుందో తెలిస్తే ఏది నమ్మాలో తెలుస్తుంది. అన్నిటికన్నా మంచి దారి ఆర్టిస్టులు తమ దగ్గర ఉంచుకున్న రఫ్‌లు. ఆమోదం పొందిన ఆర్ట్‌వర్క్ తపాలా శాఖకు వెళ్లిపోతుంది, పక్కన పెట్టిన రఫ్‌లు ఇంట్లో ఫైల్లో ఉండిపోతాయి. రెండోది విదేశీ సరుకు. కరీబియన్, ఆఫ్రికా, పసిఫిక్ ప్రాంతాల చిన్న దేశాలు చాలావరకు ఏజెన్సీల ద్వారా స్టాంపులు వేయించుకునేవి. ఆ ఏజెన్సీలు, ప్రింటర్ల పాత నిల్వలు తర్వాత వేలాల్లోకి వచ్చాయి. పక్షులు, చేపలు, రైళ్ల బొమ్మలు, పైన ఓవర్‌లే షీటుతో సహా దొరుకుతాయి. మన వాళ్లు వాటిని పట్టించుకోరు కానీ నేర్చుకోవడానికి అంతకన్నా మంచి బడి లేదు. అమెరికా డక్ స్టాంపు (నీటిపక్షుల వేటకు అనుమతిగా కొనే స్టాంపు) సంగతి మరోలా ఉంటుంది. 1934లో మొదలైన ఆ స్టాంపుకు 1949 నుంచి ఆర్టిస్టుల మధ్య పోటీ పెడుతున్నారు, గెలిచిన బొమ్మ ప్రింట్లను ఆర్టిస్టే అమ్ముకోవచ్చు. అక్కడి ఫస్ట్ డే కవర్ల (స్టాంపు విడుదల రోజు ముద్రతో వచ్చే కవర్ల) కంపెనీలు కవరు మీది బొమ్మ కోసం వేయించిన పెయింటింగ్‌లు కూడా అమ్మకానికి వస్తుంటాయి. వాటిని స్టాంపు ఆర్ట్‌వర్క్ అని అంటగట్టేవాళ్లు ఉన్నారు. కవరు బొమ్మ వేరు, స్టాంపు బొమ్మ వేరు.

భారత స్టాంపు తుది ఆర్ట్‌వర్క్ ప్రైవేటు చేతుల్లో కనిపిస్తే మొదటి ప్రశ్న ఒకటే: ఇది శాఖ ఫైలు నుంచి బయటికి ఎలా వచ్చింది? వెనక ఫైలు నంబరు, ఆఫీసు ముద్ర, సంతకాలు ఉంటే అమ్మేవాడు వాటినే అసలుదనానికి రుజువుగా చూపిస్తాడు. నేనైతే ఆగిపోతాను. ప్రభుత్వ ఆస్తి సక్రమంగా బయటికి వచ్చినట్టు కాగితం లేకపోతే అది అసలుదైనా సరే కొనను. నకిలీ అయితే డబ్బు పోతుంది, అసలుదైతే టెన్షన్ మొదలవుతుంది.

మీ అమ్మకందారు దగ్గరికి వద్దాం. ఫ్రేములోంచి తీసిన ఫొటోలు అడగండి. ముందు వైపు కన్నా వెనక వైపు ముఖ్యం. చేతి పని జరిగిన బోర్డుకు ఓ బతుకు ఉంటుంది: ఎంత శాతం తగ్గించాలో రాసిన అంకెలు, ప్రెస్సుకు సూచనలు, జిగురు మరకలు, పాత టేపు పసుపు, బోర్డు మూలల్లో పిన్ను రంధ్రాలు. శుభ్రంగా తెల్లగా ఉన్న వీపు చూస్తే నాకు భయం. తర్వాత, పదింతలు పెద్దది చేసి చూపే లూప్‌తో ఉపరితలం చూడాలి. పోస్టర్ కలర్ వేసిన చోట కుంచె జాడ, రంగు మందం కనిపిస్తాయి. ప్రింటు అయితే సన్నటి చుక్కల వల కనిపిస్తుంది. ఇంక్‌జెట్ ప్రింటు తీసి, అక్కడక్కడా పైన చేత్తో రంగు పూసి అమ్మడం ఇప్పుడు నడుస్తున్న మోసం. అందుకే ఒక్కచోట కుంచె జాడ కనిపించిందని సంతోషపడకండి. నీడలు, ఆకాశం, చర్మం రంగు లాంటి మెత్తటి భాగాలు చూడండి, చుక్కలు దాక్కునేది అక్కడే. అతినీలలోహిత టార్చి ఒకటి కొని పెట్టుకోండి. కాగితాన్ని తెల్లగా మెరిపించే రసాయనాలు 1950ల నుంచే వాడకంలో పెరిగాయి. 1930ల నాటిదని చెప్పిన కాగితం ఆ టార్చి కింద నీలంగా వెలిగిపోతే కథ అయిపోయినట్టే. మీ 1970ల బొమ్మ విషయంలో మాత్రం ఈ పరీక్ష ఏమీ తేల్చదు.

సర్టిఫికెట్ సంగతి. అమ్మేవాడే ఇచ్చే సర్టిఫికెట్ పెళ్లిసంబంధంలో అబ్బాయి తన గురించి తనే ఇచ్చుకునే కితాబు లాంటిది. కావలసింది వేరే. ఆర్టిస్టు లేదా ఆయన కుటుంబం రాసిచ్చిన కాగితం, పాత వేలం కేటలాగులో ఆ వస్తువు ఫొటో, కొన్న బిల్లు, వీటిలో ఒకటైనా ఉండాలి. తపాలా శాఖ విడుదల రోజు ఇచ్చే బ్రోషర్‌లో డిజైనర్ పేరు చాలాసార్లు ఉంటుంది. ఆ స్టాంపు బ్రోషర్ సంపాదించి అందులోని పేరుతో బొమ్మ మీది సంతకం సరిపోతుందో చూడండి. తక్కువ ఖరీదు బ్రోషర్ చాలా వేల రూపాయలు ఆదా చేస్తుంది. అబిడ్స్ జీపీఓలోని ఫిలాటెలిక్ బ్యూరోకు వెళ్తే కొత్త వాటి బ్రోషర్లు దొరుకుతాయి. పాతవి డీలర్ల దగ్గర వెతకాలి.

ఇంకో చిక్కు. అంతకుముందే ఉన్న పెయింటింగ్‌ను స్టాంపు మీద వేసిన సందర్భాలు ఎన్నో. 1971లో రవివర్మ మీద వచ్చిన స్టాంపులో ఆయన దమయంతి, హంస చిత్రం ఉంది. ఆ చిత్రానికి ఎవరో వేసిన నకలు స్టాంపు ఆర్ట్‌వర్క్ కాదు. చేర్యాల పటమో నిర్మల్ బొమ్మో స్టాంపు మీదికి ఎక్కిందనుకోండి, బజార్లో దొరికే అలాంటి పటానికి ఆ కారణంగా స్టాంపు సేకరణ విలువ రాదు. అక్కడ స్టాంపు డిజైనర్ చేసిన పని చట్రం, అక్షరాలు, అమరిక. వాటి లేఅవుట్ దొరికితే అది మన సరుకు. అలాగే 1990ల చివరి నుంచి డిజైన్ చాలావరకు కంప్యూటర్‌కు మారింది. కొత్త స్టాంపుకు ఒరిజినల్ పెయింటింగ్ అని ఎవరైనా అంటే, అసలు అలాంటిది పుట్టిందా అని ముందు అడగాలి. డిజైనర్ సంతకం చేసిన ప్రింటును ప్రింటుగానే, ప్రింటు ధరకే కొనండి.

మరి మన వైపు నుంచి మొదలుపెట్టడం ఎలా? స్టాంపులను కాసేపు పక్కన పెట్టి ప్రత్యేక కవర్ల వైపు చూడమంటాను. జాతరలు, కళాశాలల వార్షికోత్సవాలు, కట్టడాలు, చేతివృత్తుల మీద తపాలా సర్కిళ్లు (తపాలా శాఖ రాష్ట్ర స్థాయి విభాగాలు) ప్రత్యేక కవర్లు విడుదల చేస్తాయి. కవరు మీది బొమ్మ, దాని మీద కొట్టే ప్రత్యేక ముద్ర, రెండింటినీ ఎవరో ఒకరు గీయాలి. చాలాసార్లు ఆ ఎవరో మన ఊరి డ్రాయింగ్ మాస్టారో, ఫ్లెక్సీలు రాకముందు సైన్‌బోర్డులు రాసిన ఆర్టిస్టో, కవరును స్పాన్సర్ చేసిన సంస్థకు తెలిసిన డిజైనరో అయి ఉంటారు. వాళ్లను ఈ బొమ్మల కోసం అడిగేవాళ్లే ఉండరు. కవరు వెనక సాధారణంగా స్పాన్సర్ వివరాలు ఉంటాయి, అక్కడి నుంచి ఆరా తీయండి. వరంగల్, కరీంనగర్, నిర్మల్ వైపు విడుదలైన కవర్లు ఒక్కొక్కటి తీసుకుని దాని రఫ్ ఎవరి దగ్గరుందో వెతికితే, ఢిల్లీ డీలర్ దగ్గర కూడా లేని సేకరణ మీ చేతిలో ఉంటుంది.

ఆర్టిస్టు దొరికితే బేరం మొదటే మొదలుపెట్టకండి. ఏ రఫ్ ముందు, ఏది తర్వాత, ఎందుకు మార్చమన్నారు అని అడిగి ఆయన మాటల్లోనే రాసుకోండి. ఆయన చేత తేదీ వేయించి సంతకం తీసుకోండి, అయితే బొమ్మ మీద కాదు, విడి కాగితం మీద. ఎన్నో ఏళ్ల తర్వాత పెట్టిన కొత్త సంతకం పాత స్కెచ్ మీద ఉంటే రేపు కొనేవాడికి అనుమానమే. ధర విషయంలో పెద్దాయనకు లోకం తెలియదు కదా అని గుంజుకోవడం నాకు నచ్చదు. పైగా ఒకసారి న్యాయంగా కొంటే అటక మీది మిగతా ఫైళ్లు కూడా కిందికి వస్తాయి.

కొన్నాక బొమ్మ మీది, కాపీరైట్ మీది కాదు. సాధారణంగా ఆర్టిస్టు జీవితకాలం, ఆ తర్వాత 60 ఏళ్లు ఆ హక్కు నడుస్తుంది. రాతపూర్వకంగా బదిలీ చేస్తే తప్ప అది మీ చేతికి రాదు. వాల్‌పోస్టర్లుగా, గ్రీటింగ్ కార్డులుగా అచ్చు వేయాలంటే అనుమతి కావాలి. మన కాపీరైట్ చట్టం 53ఎ సెక్షన్ కింద, కాపీరైట్‌కు మొదటి యజమాని అయిన ఆర్టిస్టుకో ఆయన వారసులకో అసలు చిత్రం 10 వేల రూపాయలకు పైబడి మళ్లీ అమ్ముడైతే అందులో వాటా హక్కు ఉంది. ఆ వాటా 10 శాతానికి మించదు. విదేశాలకు అమ్మే ఆలోచన ఉంటే వందేళ్లు దాటిన బొమ్మలకు 1972 నాటి పురావస్తువుల చట్టం అడ్డం వస్తుందని గుర్తుంచుకోండి.

భద్రపరచడం గురించి గట్టిగా చెప్పాలి, ఎందుకంటే నకిలీల కన్నా ఎక్కువ బొమ్మలను మన ఇళ్లే పాడు చేశాయి. మన దగ్గర విలువైన కాగితం కనపడగానే చౌరస్తా జిరాక్స్ షాపుకు తీసుకెళ్లి లామినేషన్ చేయిస్తారు. పోస్టర్ కలర్ వేసిన బొమ్మకు ఆ వేడి, ఆ ప్లాస్టిక్ తగిలాయంటే ఇక దాన్ని వెనక్కి తీసుకురాలేం. లామినేషన్ వద్దు, సెల్లో టేపు వద్దు, పీవీసీ కవర్లు వద్దు. ఆమ్లం లేని కాగితం మధ్యలో పెట్టి గట్టి అట్టల ఫోల్డర్‌లో పడుకోబెట్టి ఉంచండి. సన్న గీతల పెన్సిల్ స్కెచ్‌లకు పాలియెస్టర్ స్లీవు పర్వాలేదు, పొడిపొడిగా రాలే రంగులకు మాత్రం వద్దు, స్లీవులోని స్థిర విద్యుత్తు రంగు రేణువులను లాగేస్తుంది. మే నెలలో మన ఎండ, వెంటనే జూలై చెమ్మ, ఈ మార్పుకే రంగు పెచ్చులు లేస్తుంది. వానాకాలం గోడకు ఆనుకుని ఉన్న బీరువాలో కింది అరలో పెట్టకండి, చెద వచ్చేది అటు నుంచే. సిలికా జెల్ సంచులు వేసి నెలకోసారి మార్చండి. కలరా ఉండలు బొమ్మల దగ్గర పెట్టకండి. వేపాకు పుస్తకాల్లో పెట్టుకునే అలవాటు ఉంటే పుస్తకాల వరకే, ఆకు రసం కాగితం మీద మరక వేస్తుంది. పాత ఓవర్‌లేల మీది అక్షరాలు ఊడిపోతుంటే అతికించే ప్రయత్నం చేయొద్దు. ఊడిన ముక్కను చిన్న కవర్లో వేసి ఎక్కడిదో రాసిపెట్టండి.

ఎగ్జిబిషన్‌లో పెట్టాలనుకుంటే స్కెచ్‌లతో ఫ్రేములు నింపేయకండి. ఒక డిజైన్ తీసుకుని రఫ్, బ్రొమైడ్, స్టాంపు, ఆ స్టాంపు అంటించిన నిజమైన ఉత్తరం వరసగా పెడితే జడ్జీలకు మీరు వివరించే పని తక్కువ పడుతుంది. ఏ దశలో ఏం మారిందో ప్రతి పేజీలో ఒక్క వాక్యం రాయండి.

ఇప్పటికి మీరు చేయాల్సింది ఇది. అతనికి నాలుగు విషయాలు అడుగుతూ మెసేజ్ పెట్టండి: ఫ్రేములోంచి తీసిన వెనక వైపు ఫొటో, ఒక మెత్తటి నీడ ఉన్న భాగం దగ్గరి ఫొటో, బొమ్మ కొలతలు, ఇది తన చేతికి ఎవరి నుంచి వచ్చిందో రాతలో. ఫ్రేము తెరిస్తే సర్టిఫికెట్ చెల్లదు అనే జవాబు వస్తే అక్కడితో వదిలేయండి. ఫొటోలు వస్తే ఇక్కడే పెట్టండి, వెనక వైపుది ముందు పెట్టండి.